అజ్జిమనెను వెతుక్కుంటూ వెళ్ళిన ఐదు రోజులు

మైసూరు రాష్ట్రం నుంచి తిరిగొచ్చి వారమైంది. కాళ్ళ వాపు ఇంకా తగ్గలేదు. ఆదివారం ఆరాధన ముగిసి గుడి మెట్లు దిగుతుంటే ఒకరి తర్వాత ఒకరు ఆపి అడిగారు, "దీనమ్మ గారిని ఎందుకు తీసుకురాలేదు?" అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని కూర్చుని ఇది రాస్తున్నాను.

కొత్తగా సంఘంలో చేరినవాళ్ళకు దీనమ్మ గారు ఎవరో తెలియదు. నా చిన్నప్పుడు ఆదివారపు బడిలో నాకు వాక్యం నేర్పింది ఆవిడే. నాకు చుట్టం కాదు గాని, పిన్ని అనే పిలుస్తాను. భర్త పోయాక, తెలుగు మాట్లాడే జనం ఉన్నారని మన తెనాలి సంఘం ఆవిడను బాగేపల్లి వైపు సువార్త పనికి పంపింది. ముప్పై ఏళ్ళ నుంచి అక్కడే ఉంది. ఇప్పుడు డెబ్బై దాటింది. పిల్లలు లేరు. మొన్న ఆవిడ దగ్గర నుంచి ఒక కార్డు వచ్చింది. "కాలి పుండు మానింది. ఇప్పుడు అజ్జిమనెలో చేరేదానికి పోతాండా. బాగుండాను. దిగులు పడవద్దు." అంతే. చిరునామా లేదు. తపాలా ముద్ర చిక్కబళ్ళాపురానిది.

కన్నడంలో అజ్జి అంటే అవ్వ, మనె అంటే ఇల్లు. అవ్వల ఇల్లు అంటే మన విధవరాళ్ళ ఆశ్రమం లాంటిది అక్కడ కూడా ఉందని మన పెద్దలు తేల్చారు. నేనూ అలాగే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే మన ఆశ్రమంలో ఒక మంచం ఖాళీ అయింది. నెలాఖరులోగా ఎవరైనా చేరాలి. లేకపోతే రేపల్లె నుంచి అర్జీ పెట్టుకున్న ముసలామెకు ఇస్తారు. "నువ్వు వెళ్ళి ఆ అజ్జిమనె చూసిరా. మనదానికంటే తక్కువగా ఉంటే ఆవిడను వెంటబెట్టుకుని రా" అన్నారు. స్త్రీల సమాజం వాళ్ళు తాము కుట్టిన బొంత, రెండు దుప్పట్లు చుట్టగట్టి నా నెత్తిన పెట్టారు.

చిక్కబళ్ళాపురం: ఎవరి అజ్జి?

బెంగుళూరు నుంచి చిక్కబళ్ళాపురానికి చిన్న రైలు. పెట్టె మన పెట్టెలో సగం ఉంటుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు మన మోకాళ్ళకు తగులుతూనే ఉంటాయి. ఎవరూ ఏమీ అనుకోరు. నా మోకాళ్ళు మాత్రం అనుకున్నాయి.

స్టేషను బయట జట్కా అతను నా దుప్పట్ల చుట్ట అందుకున్నాడు.

"యాడికి పోవల్లమ్మా?"

"అజ్జిమనెకు బాబూ."

"ఎవురి అజ్జిమనె?"

"ఒకరిదని కాదండీ, అందరిదీ."

అతను నన్ను కాసేపు చూసి, పక్క జట్కా అతన్ని కేకేశాడు. "ఇదో, ఈయమ్మకి అందరి అజ్జిమనె కావాలంటప్పా!"

"ఈ ఊర్లో ఇంటికొక అజ్జి ఉండాది మా" అన్నాడు రెండో అతను. "కొన్నిండ్లల్లో ఇద్దురుండారు. యా అజ్జి కావల్నో చెప్పు."

"మా అజ్జిని చూపిచ్చేదా? దుడ్లు తీసుకోదు. తిట్లు మాత్రం బాగా తిడ్తాది" అన్నాడు మొదటతను.

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. ఫలహారాల అంగడి ఆవిడ ఒకతె జాలిపడి నన్ను లోపల కూర్చోబెట్టింది. పదిహేను నయాపైసలు తీసుకుని పెద్ద గ్లాసు నిండా కాఫీ పోసింది. "సెలవులకి పిల్లోళ్ళు పోతారు గదమ్మా, అదే అజ్జిమనె. మీ తట్టు ఏమంటారో" అంది. మా వైపు అమ్మమ్మగారిల్లు అంటాం. కన్నడం వచ్చని చెప్పుకునే మన పెద్దల్లో ఒక్కరికీ ఇది తట్టలేదు. అంత దూరం కూర్చుని వచ్చిన నడుము ఆ మాటతో ఒక్కసారిగా విరిగినట్టయింది. మనసులో ప్రార్థన చేసుకున్నాను గాని, అది ప్రార్థనలా లేదు, ఫిర్యాదులా ఉంది.

కాలి పుండు అని రాసిందంటే ఆసుపత్రికి వచ్చి ఉంటుందని, ఊళ్ళో మిషను ఆసుపత్రికి వెళ్ళాను. ఒక నర్సమ్మ పేర్లు చూసి చెప్పింది. పిన్ని అక్కడే ఉండి, నయమయ్యాక వెళ్ళిపోయింది. ఇచ్చిన ఊరు పరగోడు, బాగేపల్లి తాలూకా.

"దిక్కులేని ముసలావిడ కదా. ఇక్కడే ఉంచుకోకూడదా సిస్టర్?" అన్నాను.

"పుండు మానింది, పంపినాము. ముసలితనం మానేది కాదు కదమ్మా. దానికి మంచం ఇస్తే, పుండు పడినోళ్ళని యాడ పండుకోబెట్టేది?"

ఆమె కఠినంగా అనలేదు. వరండాలో కూడా చాపలు వేసి రోగులను పడుకోబెట్టి ఉన్నారు. మన విధవరాళ్ళ ఆశ్రమం లాంటిది ఈ చుట్టుపక్కల తాలూకాల్లో ఎక్కడా లేదని కూడా ఆమే చెప్పింది. ఆ రాత్రి తన గదిలోనే పడక ఇచ్చింది. రాగిముద్ద, ఆకుకూర పులుసు పెట్టింది. నేను ముద్ద నములుతుంటే, "నమలకూడదమ్మా, మింగల్ల" అని నేర్పింది. వరి అన్నం తిని పెరిగిన గొంతు, సులువుగా మింగనిచ్చిందని చెప్పను.

బాగేపల్లి దారి

మర్నాడు బస్సు. నా చుట్టను పైకెక్కించారు. దాని పక్కన ఎవరిదో బెల్లం కుండ ఉందని నాకు తెలియదు. ఎండకు బెల్లం కరిగి, దారి పొడుగునా బొంతలోకి దిగింది. బాగేపల్లిలో దించేసరికి చుట్ట గట్టిపడి, దాని మీద చీమలు బారులు తీరాయి. మన స్త్రీల సమాజం ఆరు వారాల కష్టం. కండక్టరు వేలితో తీసి నాకి చూసి, "మంచి బెల్లమే మా" అన్నాడు.

బస్సులో నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. నేను ఆంధ్ర నుంచి వచ్చానని తెలిసి నిటారుగా లేచి కూర్చున్నాడు.

"మీ తట్టు ముసిలోళ్ళకి సర్కారు నెలనెలా దుడ్లిస్తాదంట, నిజమేనా?"

"ఎవరూ లేనివాళ్ళకు ఇస్తారంటున్నారండీ. అర్జీ పెట్టాలి."

"నేను పుట్టిన ఊరు ఆ పక్క ఉండాది. ఇల్లు ఈ పక్క. ఆ తాలూకాకి పోతే, నీ ఇల్లు యాడుంటే ఆడికే పో అన్నారు. ఈ తాలూకాకి పోతే, మాకింగా రాలేదు, వస్తే చెప్తాం అన్నారు. అది వచ్చేలోగా నేను పోతానని వాళ్ళకి బాగా తెలుసు." ఇది చెప్పి పళ్ళు లేని నోటితో నవ్వాడు. "మాటకొక అండి అంటాండావే, బాగుండాది. మా కోడలికి నేర్పిచ్చు."

ఆయన చూపించిన వైపు చూశాను. ఎర్ర నేల, బండరాళ్ళ గుట్టలు, చెనక్కాయ చేలు. అటూ ఇటూ ఒకటే నేల. సరిహద్దు ఎక్కడుందో నాకు కనపడలేదు.

పరగోడు

పరగోడులో రామిరెడ్డి గారని ఒక రైతు, ఆయన భార్య నాగమ్మ. పిన్ని ఇన్నేళ్ళూ ప్రార్థన జరిపిన కొట్టం వాళ్ళ స్థలంలోనే ఉంది. ఇప్పుడు పైకప్పు సగం కూలింది. లోపల కోళ్ళు తిరుగుతున్నాయి.

పెద్దవాళ్ళను చూసుకోవడంలో ఆ ఇంటికి ఎవరూ వంక పెట్టలేరు. రామిరెడ్డి గారి తండ్రికి ఎనభై పైమాటే. లేవలేడు. కోడళ్ళు ఇద్దరూ పూట మార్చి పూట ఆయన దగ్గర ఉంటారు. చిన్న కోడలు రాగి అంబలి ఊది ఊది గరిటెతో పోస్తూ, "మింగు మామా, పొద్దన్నుంచి నోట్లోనే పెట్టుకోనుండావు, గుడ్లు పెడతావా?" అని ఎకసక్కెం చేస్తోంది. ఆయన ఆ మాటకు నవ్వబోయి మింగేశాడు. మన ఆశ్రమంలో మంచాలున్నాయి, మందులున్నాయి. ఇట్లా నవ్వించి మింగించేవాళ్ళు ఎందరున్నారో మనమే చెప్పుకోవాలి.

"మీ పెద్దాయనను చూస్తే కడుపు నిండింది" అన్నాను నాగమ్మతో. "మరి మా దీనమ్మ గారిని ఎవరు చూశారు?"

నాగమ్మ చెంగుతో చెయ్యి తుడుచుకుంది.

"చెనక్కాయలు పీకే దినాలమ్మా. అందరం చేన్లో ఉంటిమి. దీనమ్మక్క కొట్టంలో మూడు దినాలు పండుకోనే ఉన్నింది. కాలు కదిలిచ్చలేక. ఎవురూ చూడలే. వాసనకి కుక్క మొరిగితే అప్పుడు చూసినాం. మా ఆయనే బండి కట్టి బస్సు దాకా తీసకపోయె." మళ్ళీ తనే, "మావాళ్ళయితే ఇంట్లో పండుకోబెట్టుకుందుము. ఆయమ్మని ఎట్ల లోపలికి పిల్చుకునేది? నీకు తెలీందేముంది" అంది.

నాకు తెలుసు. మూడు రోజులు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆ మూడు రోజుల్లో ఒకటి ఆదివారం అయి ఉండవచ్చు. మనం ఇక్కడ ఫ్యాన్ల కింద కూర్చుని ఆవిడ పనిని దీవించమని అడిగి ఉంటాం. ఇక ఏది ఏమైనా ఆవిడను ఇంటికి తీసుకుపోవాలని అక్కడే నిశ్చయించుకున్నాను.

పిన్ని ఆసుపత్రి నుంచి ఒక సెట్టిగారి లారీలో వచ్చి, తన పెట్టె తీసుకుని చింతామణికి వెళ్ళిపోయిందట. "సెట్టెమ్మ ఇంటికని చెప్పె" అన్నాడు రామిరెడ్డి గారు. "పప్పుల అంగడి సెట్టి. నరసమ్మ కొడుకు అంటే చెప్తారు."

చింతామణి

చింతామణి బజారు మన తెనాలి బజారుకు తీసిపోదు. బస్తాల మీద కూర్చునే మనుషులు తెలుగులో బేరమాడి కన్నడంలో చీటీ రాస్తారు. పప్పుల అంగడి దొరకడం కష్టం కాలేదు. సెట్టిగారు యాభై ఏళ్ళ మనిషి, నుదుట బొట్టు, చెవిలో పెన్సిలు. నేనెవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు. వీధి వైపు తిరిగి తన మనవరాలిని పిలిచి, "ఈయమ్మని అజ్జిమనెకి పిల్చకపో" అన్నాడు.

ఆ మాట వినగానే అక్కడే బస్తా మీద కూలబడ్డాను.

సెట్టిగారి కుటుంబం అంగడి మీద మేడలో ఉంటుంది. మేడకు నిచ్చెన మెట్లు. ఆయన తల్లి నరసమ్మ గారికి చూపు పోయాక ఆ మెట్లు కుదరక, పాత ఇంట్లోనే ఉండిపోయింది. పిల్లలు దానిని అజ్జిమనె అంటారు. ఆమె కంటి కోసం ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్క మంచం మా పిన్నిది. అక్కడ మొదలైంది ఈ స్నేహం. పిన్ని కార్డు రాసింది కూడా ఆ ఆసుపత్రి వరండాలోనే, బయలుదేరే రోజు.

మనవరాలి వెంట వెళ్ళేసరికి పిన్ని వీధి గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చిక్కిపోయింది. నన్ను చూసి గుర్తుపట్టడానికి కొంత సేపు పట్టింది. "కరుణా! నువ్వా మే! ఇంత లావైతివే!" అంది. తెనాలి మాట పూర్తిగా పోయింది. నేను ఏడుస్తుంటే, "కూసో, కూసో. ఆ మూట ఏంది, చీమలు?" అంది.

లోపలి నుంచి గొంతు వచ్చింది. "ఎవురు దీనమ్మా? ఏడుస్తాండారెవురు?"

"మా ఊరి బిడ్డ అజ్జీ. నన్ను తీసకపోయేదానికి వచ్చినట్టుండాది."



రెండు చెంబులు

ఆ ఇంట్లో రెండు రోజులున్నాను. చూసింది చూసినట్టు చెప్తాను.

మధ్యాహ్నం అంగడి నుంచి రెండు క్యారియర్లు వస్తాయి. ఒకటి అజ్జికి, ఒకటి పిన్నికి. అజ్జి నీళ్ళ బిందె లోపల, పిన్ని కుండ, చెంబు వసారాలో. పిన్ని వంటింటి గడప దాటదు. పిన్ని చేతి నీళ్ళు అజ్జి తాగదు. కాని అజ్జిని లేపి కూర్చోబెట్టేది, దొడ్లోకి నడిపించేది, నూనె రాసేది, పడక పరిచేది అంతా పిన్నే. రాత్రి పిన్ని కాలు లాగితే అజ్జి తడుముకుంటూ వచ్చి గోరువెచ్చని ఉప్పుగుడ్డ కాపడం పెడుతుంది.

నాకు ఒళ్ళు మండింది. పట్టలేక అడిగేశాను. "నీళ్ళకు పనికిరాని చెయ్యి, పట్టుకుని నడవడానికి పనికొస్తుందా అవ్వగారూ?"

అజ్జి నా గొంతు వైపు తిరిగింది. "నీళ్ళకి మడి ఉండాది మా. చెయ్యికేం మడి? పడితే ఎముక విరుగుతాది." ఆ తర్వాత నెమ్మదిగా, "అరవై ఏండ్ల అలవాటు. విడిచేదానికి నాకు ధైర్యం లేదు. నవ్వుకో" అంది.

పిన్ని మాత్రం నా మీదే కోప్పడింది. "ముప్పై ఏండ్లు ఆ చెంబు కోసమే ఊరూరు తిరిగితిని కరుణా. మారలేదు. కాని పరగోడులో నేను లేస్తినో లేదో చూసేవాళ్ళు లేకపోయె. ఈయమ్మ తెల్లారక ముందే పిలుస్తాది, దీనమ్మా ఉండావా అని. ఒగ దినం నేను పలకలేదంటే వీధంతా లేపుతాది."

మన ఆశ్రమం గురించి చెప్పాను. ఇనుప మంచం, వారానికొకసారి డాక్టరు, పొద్దున సాయంత్రం ప్రార్థన, ఆదివారం ప్రభురాత్రి భోజనం. పిన్ని కళ్ళు మూసుకుని విన్నది. ఆవిడ అది కోరుకోలేదని రాస్తే అబద్ధమవుతుంది. నాలుగేళ్ళుగా ఆ భోజనంలో పాలుపంచుకోలేక ఉన్న మనిషి.

"నేనొస్తే అజ్జిని దొడ్లోకి ఎవురు తీసకపోతారు?"

"కొడుకున్నాడు, కోడలుంది. ఒక మనిషిని పెట్టుకుంటారు."

"పెట్టినారు. ఇద్దురు ఉండి పోయిరి. చూపు లేదని బియ్యం మోసకపోయిరి."

నేను తెగించి, పిన్ని వినకుండా అజ్జినే అడుగుదామనుకున్నాను. అజ్జికి చెవులు బాగా పనిచేస్తాయి. నేను అడగకముందే ఆమే పిలిచింది.

"తీసకపో మా" అంది. "నేనే చెప్తాండా. నేను పోతే ఈ ఇంట్లో ఆయమ్మని ఉండనిస్తారని నాకు నమ్మకం లేదు. నా కొడుకు మంచోడే, కాని ఇంట్లో అందురూ నా కొడుకు కాదు గదా. అంతకంటే, ఆయమ్మే ముందు పోయిందనుకో. మావాళ్ళు ముట్టరు. మీ మతమోళ్ళు ఈ వీధిలో లేరు. మట్టి చేసేదానికి మనిషి ఉండల్ల గదా. అది తల్చుకుంటే నాకి నిద్ర రాదు."

నా భయమూ అదే. తెనాలి నుంచి మోసుకొచ్చిన భయం. నేను ఎవరితోనూ అనలేదు, ఈమె అనేసింది.

పిన్ని వసారాలోంచి అరిచింది. "నా శవం సంగతి మీ ఇద్దురూ మాట్లాడుకుంటాండారా? నన్ను అడగొద్దా?"

"నువ్వు చెప్పు మరి" అంది అజ్జి.

"అజ్జి ఉండేదాకా నేనీడనే. అజ్జి పోయినాంక నువ్వు రమ్మంటే వస్తా. నేను ముందు పోతే, చిక్కబళ్ళాపురంలో మనోళ్ళు ఉండారు. కబురు చేసేవాళ్ళుంటే వాళ్ళొస్తారు."

"కబురు నేను చేయిస్తా" అంది అజ్జి. "మా లారీ రోజూ పోతాది ఆ ఊరికి. లారీలో కావల్లంటే ఆయమ్మనే పంపిస్తా. నా కొడుకు ఒద్దంటే, ఆ దినం నేను కూడు ముట్టను. వాడికి తెలుసు."

మరునాడు మళ్ళీ అడిగాను. ఇంకొకసారి అడిగాను. ఆఖరికి అజ్జే, "పిల్లని సతాయించొద్దు దీనమ్మా, పోరాదా" అని, వెంటనే పిన్ని చెయ్యి తడుముకుని పట్టుకుంది. పొమ్మంటూ పట్టుకున్న ఆ చేతిని చూశాక నేను అడగడం మానేశాను. మన మంచం రేపల్లె ఆమెకు ఇవ్వమని అక్కడి తపాలా ఆఫీసులోనే కార్డు కొని రాశాను. పిన్నికి రేపు మంచం దొరుకుతుందని మాట ఇవ్వలేదు. ఇచ్చే అధికారం నాకు లేదు.

బొంతను ఉతికి ఆరేశాం. సాయంత్రానికి అది అజ్జి కాళ్ళ మీద ఉంది.

మళ్ళీ చిక్కబళ్ళాపురం

తిరుగు దారిలో ఒక్క పని మిగిలింది. చిక్కబళ్ళాపురం సంఘ పెద్దను కలవాలి. దావీదప్ప గారు, దర్జీ. కుట్టు మిషను తొక్కుతూనే నా మాట అంతా విన్నాడు. మన దగ్గర ఒక గోడ లోపల దొరికేవన్నీ, ఇక్కడ మూడు ఊళ్ళ మధ్య ఒక్కొక్కటి ఒక్కొక్కరి దయ మీద ఉన్నాయి. అన్నం ఒక అంగడి మీద, మందు ఒక నర్సమ్మ మీద. మట్టి చేసే పని ఈయన మీద పెట్టాలని వచ్చాను.

"మా దీనమ్మ గారి పేరు మీ భూస్థాపన పుస్తకంలో రాయండయ్యా" అన్నాను.

ఆయన మిషను ఆపాడు. "బతికుండే మనిషినా? ఎట్ల రాసేదమ్మా? వింటే జనం ఏమంటారు?"

"రాయకపోతే, ఆ రోజు లారీలో కబురొచ్చినప్పుడు మీరు ఊళ్ళో లేకపోతే, ఎవరీమె అంటారు. జాగా ఇవ్వరు."

ఆయన ఆలోచించి, ఆ పుస్తకం తెచ్చి దారాల ఉండలు పక్కకు జరిపి తెరిచాడు. పేరు రాశాడు. వయసు సుమారుగా రాశాడు.

"కబురు తెచ్చేవాళ్ళు, బంధువుల పేరు?"

"నరసమ్మ. చింతామణి, పప్పుల అంగడి."

"ఏ సంఘం?"

"సంఘం లేదు. సెట్టిగారి తల్లి."

కలం ఆగింది. "అట్లయితే ఈ సంబంధం అనే గడిలో ఏమి రాయల్ల?"

నాకు చాలా అలసటగా ఉంది. మన గుడిలో సహోదరి అని ఎవరిని అనవచ్చు, ఎవరిని అనకూడదు అనే విషయం మీద నేను ఎన్నిసార్లు బోధించానో మీకు తెలుసు. ఆ పాఠాలన్నీ నాకు కంఠతా వచ్చు. వసారాలో చెంబు కూడా కళ్ళ ముందే ఉంది. దాన్ని నేను క్షమించానని చెప్పను.

"అక్క అని రాయండి" అన్నాను.

దావీదప్ప గారు కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "సొంతమా?"

"సొంతమే."

ఆయన రాశాడు. తేదీ గడి ఖాళీగా వదిలి, సిరా ఆరేదాకా పుస్తకం మూయకుండా పట్టుకుని కూర్చున్నాడు.